జాలి గల రోడ్డు

సిద్దిపేట పట్టణం చివర, చిన్నకోడూరు వైపు పోయే దారిలో, మార్కండేయ కాలనీ దగ్గర రోడ్డు దాటే సమస్య శాశ్వతంగా పరిష్కారమైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఇంతకు ముందు అక్కడ జనం ఎక్కడ పడితే అక్కడ రోడ్డు దాటేవారు. లారీలకు అది నచ్చేది కాదు. ఇసుక ట్రాక్టర్లకు అసలే నచ్చేది కాదు. నెలకో రెండు నెలలకో ఎవరిదో ఒకరిది కాలు విరిగేది. వాహనాలను నెమ్మదిగా పొమ్మనడం నాగరికత కాదు గనుక, మనుషులను దాటకుండా ఆపడమే మేలని పై వారు తీర్మానించారు. రోడ్డును వెడల్పు చేసి, నడుమ డివైడర్ కట్టి, దాని మీద ఛాతీ ఎత్తున ఇనుప జాలి బిగించారు. ఈ పని చేయించిన ఆఫీసు పేరు చెప్పుకోవడం మర్యాద కాదు. పెద్దాఫీసు అందాం.

జాలి ప్రారంభోత్సవానికి టెంటు వేశారు. కాలనీ నాయకుడు రాజేంద్రప్రసాద్ మైకు ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు. ఆయన గొంతు సవరించుకుంటే కాలనీ సగం చప్పట్లకు సిద్ధమవుతుంది.

"సోదర సోదరీమణులారా, ప్రజల మీద మాకున్న జాలికి నిదర్శనమే ఈ జాలి. నేటి నుంచి ఈ రోడ్డు దాటుతూ ఒక్క ప్రాణం కూడా పోదని హామీ ఇస్తున్నాను. ఎందుకంటే, దాటడమనేదే ఇక ఉండదు."

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు ముందు వరుసలో కూర్చున్న కాశీనాథం. ఆయన గొల్లభామ చీరల వ్యాపారి. సిద్దిపేటలో గొల్లభామ చీరలు అమ్మేవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ, ఏ సభ జరిగినా మొదటి కుర్చీలో కూర్చునే గొల్లభామ చీరల వ్యాపారి ఈయన ఒక్కడే. సభల్లో కప్పే శాలువాలు కూడా ఆయన దుకాణం నుంచే పోతాయి. పోయినవాటిలో ఒకటి తిరిగి ఆయన భుజం మీదికే వస్తుంది. ఈ ఏర్పాటు మీద ఇంతవరకు ఎవరికీ ఫిర్యాదు లేదు.

సభ అయిపోయాక కాశీనాథానికి ఆకలైంది. ఆయన దుకాణం రోడ్డుకు ఇవతల ఉంది. ఇల్లు సరిగ్గా ఎదురుగా, అవతల ఉంది. దుకాణంలో కూర్చుని చూస్తే ఇంటి అరుగు, అరుగు మీద ఆరబెట్టిన వడియాలు, వాటిని కాకుల నుంచి కాపాడుతున్న భార్య ప్రమీలమ్మ అన్నీ కనిపిస్తాయి. ఇరవై ఏళ్ళ అలవాటు కొద్దీ ఆయన తిన్నగా రోడ్డు మీదికి నడిచి, సగం దాకా పోయి, జాలికి తగిలి ఆగాడు. కాలు ఎత్తి చూశాడు. భుజం మీద శాలువా ఉన్నదని గుర్తొచ్చి దించాడు. అవతల నుంచి ప్రమీలమ్మ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఇదంతా చూసి ఫోన్ చేసింది.

"అన్నం పెట్టిన. రా."

"ఎట్ల రావాలె?"

"రోజు ఎట్ల వస్తవో గట్లనే రా."

"నడుమ జాలి పెట్టిన్రు ప్రమీలా."

ఆమె వడియాల మీద వాలిన కాకిని తోలింది. తర్వాత, "గిప్పటిదాంక సప్పట్లు కొట్టింది నువ్వే గదా. గీడికి వినబడ్డయి," అన్నది.

కాశీనాథం ఆటో ఎక్కాడు. ఆటో నడిపేవాడు మహేశ్. పెట్రోలు బంకు దాటినాక ఎక్కడో ఉన్న మలుపు దాకా పోయి, అక్కడ మూడు లారీల వెనక ఆగి, తిరిగి వెనక్కి వచ్చి, ఇంటి ముందు దింపాడు. బయలుదేరిన చోటు నుంచి చూస్తే దిగిన చోటు చేతికి అందేంత దూరంలో ఉంది. చారు చల్లారిపోయింది. చల్లారిన చారు తాగుతూ కాశీనాథం, అభివృద్ధి అన్నాక కొంత త్యాగం తప్పదని భార్యకు చెప్పాడు. మహేశ్ మాత్రం ఆ రోజే ఇంకో ఆటో తీసుకోవాలని నిశ్చయించుకున్నాడు.

అసలు త్యాగం ఎంతో కాశీనాథానికి మెల్లగా తెలిసింది. జాలి రాకముందు ప్రమీలమ్మ వంట ముగించుకుని, రోడ్డు దాటి, మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా దుకాణంలో కూర్చునేది. ఎవరో వచ్చి చీర చూపించమంటే ఆమె ముందు చీర తీయదు. పెండ్లికా, పండుగకా, ఎవరికైనా పెట్టడానికా అని అడుగుతుంది. ఎవరికి పెడుతున్నారో, ఆమె రంగు ఏమిటో, కోడలా బిడ్డనా కనుక్కుంటుంది. అప్పుడు రెండే రెండు చీరలు తీస్తుంది. వాటిలో ఒకటి పోతుంది. ఈ సమయమంతా కాశీనాథం గల్లా దగ్గర పేపర్ చదువుతూ, వచ్చినవాళ్ళకు చాయ్ చెప్పిస్తూ, జనం తన పేరు చూసి వస్తున్నారని నమ్ముతూ ఉండేవాడు. ఆ నమ్మకానికి అప్పటిదాకా ఎవరూ అడ్డు చెప్పలేదు.

ప్రమీలమ్మ నాలుగు రోజులు ఆటోలో తిరిగింది. ఐదో రోజు మానేసింది. "నేను చీరలమ్మనీకి పోతున్ననా, ఆటోల ఊరేగనీకి పోతున్ననా," అన్నది.

ఇక కాశీనాథమే చీరలు చూపించాడు. కొంగు మీద కుండ ఎత్తుకున్న గొల్లభామ బొమ్మ మగ్గం మీద ఎట్లా పుడుతుందో, దాని వెనక ఎంత చరిత్ర ఉందో, చేనేతను కాపాడుకోవడం మన బాధ్యత ఎట్లా అవుతుందో వివరించాడు. వచ్చినవాళ్ళు శ్రద్ధగా విన్నారు. చివర్లో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది కూడా. అందరూ మళ్ళీ వస్తామని చెప్పి, పక్కనున్న రెడీమేడ్ దుకాణంలోకి పోయారు. సాయంత్రానికి దుకాణం నిండా మడత విప్పిన చీరలు మిగిలాయి. వాటిని మళ్ళీ మడత పెట్టడం కాశీనాథానికి రాదు. కుప్పగా పోసి, వాటి నడుమ కూర్చుని, అవతలి అరుగు వైపు చూశాడు. లారీకి లారీకి నడుమ ప్రమీలమ్మ కనిపించింది, పోయింది, మళ్ళీ కనిపించింది. పెండ్లి చూపుల్లో కూడా తాను భార్యను ఇంత ఆశగా చూడలేదని ఆయనకు అనిపించింది.

ఆ బాధలో నుంచే రోడ్డు దాటే హక్కు సాధన సమితి పుట్టింది.

సమితికి కాశీనాథం అధ్యక్షుడు. గౌరవాధ్యక్షుడిగా రాజేంద్రప్రసాద్ ఉండడానికి ఒప్పుకున్నాడు. జాలిని ప్రారంభించినవాడు జాలి తీయించే సమితిలో ఎట్లా ఉంటాడని ఎవరూ అడగలేదు. జాలి గురించి ఆయనకంటే ఎక్కువ తెలిసినవాళ్ళు కాలనీలో లేరు మరి. మొదటి సమావేశం పేరు మీద నడిచింది. "దాటే హక్కు" అంటే గోడ దూకేవాళ్ళలా వినిపిస్తున్నదని కొందరు, "క్రాసింగ్" అంటే తెలుగు చచ్చిపోతుందని ఇంకొందరు వాదించారు. రెండో సమావేశం కూడా పేరు మీదే నడిచింది. మూడో సమావేశానికి అవతలి వైపు సభ్యులు రాలేకపోతున్నారన్న సంగతి బయటపడి, వాళ్ళకోసం అవతలి శాఖ ఏర్పాటు చేశారు. అప్పటి నుంచి రెండు శాఖలూ ఒకే రోజు, ఒకే సమయానికి, రోడ్డుకు చెరో పక్కన టెంట్లు వేసుకుని కూర్చుని, మైకుల్లో ఒకరి తీర్మానాలను ఒకరు బలపరచుకునేవి. లారీ హారన్ల వల్ల అవతలివాళ్ళు ఏది బలపరచారో ఇవతలివాళ్ళకు సరిగ్గా తెలిసేది కాదు. ఐక్యత అందువల్లనే చెడలేదని చెప్పాలి.

ఆ తర్వాత ఎటువంటి దాటు, అంటే రోడ్డు దాటే చోటు, కావాలన్న చర్చ మొదలైంది. నడిచే వంతెన కావాలని ఒకరు అన్నారు. వంతెన దిగే మెట్లు తన బంగారు దుకాణం మొదటి అంతస్తులోకే రావాలని ఆ ఒకరే అన్నారు. వంతెనకు లిఫ్టు, లిఫ్టుకు జనరేటరు, జనరేటరుకు కాపలా మనిషి, ఆ మనిషికి గది కావాలని ఒక పెద్దాయన పొరలు పొరలుగా అడిగాడు. భూమి కింది నుంచి సొరంగం అయితే వానాకాలంలో అందులో చేపలు పెంచవచ్చని ఒక సూచన వచ్చింది. నడుమ ఒక విగ్రహం పెడితే వాహనాలు వాటంతట అవే ఆగుతాయని రాజేంద్రప్రసాద్ అన్నాడు. ఎవరి విగ్రహమో ఆయన చెప్పలేదు. వినయంగా నేల చూపులు చూశాడు.

అవతలి టెంటులో ప్రమీలమ్మ మైకు అడిగి తీసుకుంది. "గా జాలి ఒక్క తాన కోసి, అటొక స్పీడ్ బ్రేకర్, ఇటొక స్పీడ్ బ్రేకర్ ఏస్తే సాలు. కింద తెల్ల గీతలు గియ్యున్రి. నడిచిపోతం," అని కూర్చుంది.

 ఇంత తక్కువలో అయిపోయే పనికి ఇంత పెద్ద సమితి ఎందుకన్న అనుమానం ఎవరికైనా వస్తుందేమోనని కాశీనాథానికి భయం వేసింది. వెంటనే లేచి, మహిళల అభిప్రాయానికి కూడా సమితిలో తగిన చోటు ఉన్నదని ప్రకటించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. చర్చ మళ్ళీ లిఫ్టు మీదికి పోయింది.

సమితి ఒత్తిడికి తట్టుకోలేక పెద్దాఫీసు ఒక ఇంజనీరును పంపింది. పేరు శ్రీవర్ధన్. కుర్రవాడు, మంచివాడు, చదివినదంతా ఇంకా మరిచిపోనివాడు. జాలి పక్కన గొడుగు వేయించుకుని, పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా కూర్చుని, ఎందరు రోడ్డు దాటుతున్నారో లెక్క చూశాడు. ఒక్కరూ దాటలేదు. దాటడానికి గిరాకీ లేదు గనుక దాటు అవసరం లేదని నివేదిక రాయవలసి వస్తుందని చెప్పి చాలా బాధపడ్డాడు.

"జాలి ఉన్నంక ఎట్ల దాటుతరు సార్?" అని కాశీనాథం అడిగాడు.

"అది నాకు తెలుసండి. కానీ జాలి ఉన్నా దాటేవాళ్ళు ఎందరు అన్నదే నియమం. వాళ్ళను చూసి అవసరం ఎంత తీవ్రమో పైవారు నిర్ణయిస్తారు."

మరునాడు సమితి యువజన విభాగం జాలి దూకి చూపించింది. జాలి దూకేవాళ్ళు పాదచారుల కిందికి రారనీ, నేరస్థుల కిందికి వస్తారనీ శ్రీవర్ధన్ మరింత బాధతో చెప్పాడు. ఒక కుర్రవాడి ప్యాంటు జాలికి చిక్కి చిరిగింది. అది ఇప్పటికీ సమితి పోరాట చిహ్నాలలో మొదటిది.

ఇన్ని కష్టాల నడుమ కాశీనాథం ఎదిగాడు. ఎదగక తప్పలేదు. మొదట ఆయన ఫ్లెక్సీ ఒకటి జాలికి కట్టారు. జాలి తొలగించాలని రాసిన ఆ ఫ్లెక్సీ జాలి మీద ఎంత చక్కగా కుదిరిందంటే, రోడ్డు పొడవునా అట్లాంటివే కట్టారు. కట్టడానికి ఇంత అనువైన జాలి జిల్లాలోనే లేదని ఫ్లెక్సీలు అచ్చు వేసేవాడు పొగిడాడు. తర్వాత కుకునూరుపల్లి నుంచి పిలుపు వచ్చింది. అక్కడ కూడా రోడ్డు దాటడం కష్టంగా ఉంది. పోరాటం ఎట్లా చేయాలో వచ్చి చెప్పమన్నారు. ఆయన పోయి చెప్పాడు. మర్కూక్ ఊరివాళ్ళు కారు పంపారు. ఆ కారులో పోతున్నప్పుడు అడ్డం వచ్చిన గొర్రెల మందను చూసి, వీటికి కూడా ఒక దాటు కావాలని ఆయన డ్రైవరుతో అన్నాడు. డ్రైవరు ఆ మాటను మర్కూక్ అంతా చెప్పాడు. కాశీనాథం జీవకారుణ్యం మీద కూడా మాట్లాడగలడని పేరు వచ్చింది.

దుకాణం చాలా రోజులు మూసే ఉండేది. తెరిచిన రోజు కూడా అందులో సమితి సభ్యులే కూర్చునేవారు. చీరలు కొనేవాళ్ళు గుమ్మం దాకా వచ్చి, లోపల తీర్మానం జరుగుతున్నట్టు చూసి, చప్పుడు చేయకుండా వెళ్ళిపోయేవారు.

ఒక మధ్యాహ్నం కాశీనాథం ఉపన్యాసం నుంచి తిరిగి వచ్చి దుకాణం ముందు నిలబడితే, అవతల తన ఇంటి మీద కొత్త బోర్డు కనిపించింది. గులాబీ రంగు బోర్డు. ప్రమీల గొల్లభామ చీరలు. అరుగు మీద వడియాలు లేవు. చాప పరిచి ఉంది, చాప మీద ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు, వాళ్ళ నడుమ ఆయన భార్య ఒక చీర కొంగు చేతి మీద పరిచి చూపిస్తున్నది. ఆయన ఫోన్ చేశాడు. ఆమె ఎత్తడానికి చాలాసేపు పట్టింది.

"ఏంది ప్రమీలా గది?"

"దుకాణం."

"మనకు దుకాణం ఉన్నది గదా."

"అది నీ దిక్కున ఉన్నది. గీ దిక్కోళ్ళు ఆడికి రాలేకపోతున్నరు. ఆటోల తిరిగి కొననీకి అది బంగారమా? మన ఇంట్ల మిగిలిన చీరలే తీసి పెట్టిన. నిమ్మళంగ ఉన్నవా? ఇగ నాకు గిరాకి ఉన్నది, పెట్టేస్తున్న."

కాశీనాథం ఫోన్ చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. ఇంట్లోనే పోటీ వ్యాపారి పుట్టడం, ఆ పోటీ వ్యాపారి వండిన అన్నమే రోజూ మహేశ్ ఆటోలో ఊరు చుట్టి రావడం, దాన్ని తాను తినడం, ఇది ధర్మమా అధర్మమా ఆయనకు తేలలేదు. ఆ సాయంత్రం ఉపన్యాసంలో ఈ సంగతే చెప్పాడు. ఒక జాలి భార్యాభర్తలను ఎట్లా విడదీసిందో చెబితే సభ మొత్తం కదిలిపోయింది. ఆయనకు రెండు శాలువాలు కప్పారు. అవి ప్రమీలమ్మ దుకాణం నుంచి వచ్చినవని ఆయనకు తర్వాత తెలిసింది.

మిగతా కాలనీ కూడా పరిస్థితికి అలవాటు పడింది. జాలికి అటొక కిరాణం, ఇటొక కిరాణం, అటొక టైలర్, ఇటొక టైలర్ వెలిశారు. అప్పటిదాకా ఒక్కటే ఉన్న కోడికూర దుకాణానికి అవతల తమ్ముడు పుట్టాడు. మహేశ్ ఆటోలు మూడయ్యాయి. బతుకమ్మ కూడా రెండు చోట్ల ఆడారు. ఇవతలివాళ్ళు పాట ఎత్తుకుంటే అవతలివాళ్ళు ఉయ్యాలో అని అందుకున్నారు. లారీ వచ్చినప్పుడు ఆగి, పోయినాక మళ్ళీ అందుకున్నారు. ఆ రోజు కాశీనాథం జాలి పక్కన నిలబడి, అవతల తిరుగుతున్న ఆడవాళ్ళలో భార్యను వెతుక్కున్నాడు. ఆమె ముదురు ఆకుపచ్చ చీర కట్టుకుంది. ఆ చీర తన దుకాణంలో కుప్ప నడుమ ఎన్నాళ్ళో పడి ఉన్నదే. అప్పుడు దాన్ని ఎవరూ కొనలేదు. ఇప్పుడు చూస్తే తనకే కొనాలనిపించింది. మరుసటి సభలో ఈ మాట చెప్పాలనుకున్నాడు గానీ ఎందుకో చెప్పలేకపోయాడు.

మార్చి నెలలో శ్రీవర్ధన్ పరుగున వచ్చాడు. మొహం వెలిగిపోతున్నది. పెద్దాఫీసులో తెల్ల రంగు మిగిలిపోయిందట. సంవత్సరం ముగిసేలోగా ఖర్చు చేయకపోతే వచ్చే ఏడు రంగు ఇవ్వరట. ఎక్కడైనా గీతలు గీయాలి, గీతలు గీయాలంటే దాటు ఉండాలి, దాటు ఉండాలంటే జాలి కోయాలి. గిరాకీ ఉన్నదా లేదా అన్న ప్రశ్న రంగు ముందు నిలవలేదు. ప్రజాభిప్రాయం ఒకసారి అడిగి, ఊ అనిపించుకుంటే చాలు, అంతా సిద్ధంగా ఉన్నదని చెప్పాడు.

ప్రజాభిప్రాయ సభ రోడ్డు పక్క కొత్తగా కట్టిన కమ్యూనిటీ హాల్లో పెట్టారు. అవతలి శాఖ మూడు ఆటోల్లో తిరిగి తిరిగి వచ్చింది. హాలు నిండింది. కాశీనాథం అధ్యక్ష స్థానంలో కూర్చున్నాడు. కూర్చున్నాక ఆయనకు భయం పట్టుకుంది. దాటు వస్తే సమితి ఉండదు. సమితి లేకపోతే అధ్యక్షుడు ఉండడు. అధ్యక్షుడు కాని కాశీనాథం అంటే చీరలు మడత పెట్టడం రానివాడు. ఆ సంగతి ఆయనకు అంత స్పష్టంగా అంతకు ముందెప్పుడూ తోచలేదు.

కానీ ఆయన ఒక్కడే కాదని త్వరలోనే తేలింది. ఇవతలి కిరాణం ఆయన లేచి, దాటు పెడితే జనం అవతలికి పోయి కొంటారని ఆందోళన చెందాడు. అవతలి కిరాణం ఆయన లేచి అదే మాట అటు నుంచి చెప్పాడు. ఇద్దరూ ఇంత బాగా ఏకీభవించడం అదే మొదటిసారి. ఫ్లెక్సీలు వేసేవాడు, జాలి కోస్తే ప్రజాస్వామ్యంలో అభిప్రాయాలు ఎక్కడ కట్టుకోవాలని అడిగాడు. మహేశ్ ఆటో కిస్తీల గురించి మాట్లాడి, మూడు ఆటోల కాగితాలూ చూపించి కూర్చున్నాడు. రెండు వైపులా ప్లాట్లు అమ్మేవాళ్ళు, తమ వైపు ప్రశాంతతకు కారణం అవతలివాళ్ళు రాలేకపోవడమేనని వేరువేరుగా, ఒకే మాటల్లో చెప్పారు. విగ్రహం సంగతి తేలకుండా తొందర పడవద్దని రాజేంద్రప్రసాద్ సలహా ఇచ్చాడు.

కాశీనాథం లేచాడు. చాలా రోజుల తర్వాత ఆయనకు మాట నిజంగా మనసులో నుంచి వచ్చింది.

"మిత్రులారా, దాటు కావాలని పోరాడింది మనమే. దాటు కోసం ప్రాణాలైనా ఇస్తామన్నది మనమే. కానీ ఇట్ల అడగంగనే ఇచ్చేస్తే మన పోరాటానికి విలువ ఏముంటది? వచ్చే తరానికి మనం ఏం చెప్పుకుంటం? అందుకని ఈ విషయాన్ని అన్ని కోణాల్లో పరిశీలించడానికి ఒక ఉపసంఘాన్ని వేయాలని ప్రతిపాదిస్తున్నాను."

హాలు దద్దరిల్లింది. శ్రీవర్ధన్ తలకాయ వేలాడేశాడు. చప్పట్లు తగ్గినాక వెనక వరుసలో నుంచి ప్రమీలమ్మ లేచింది. మైకు అడగలేదు. హాలు చిన్నదే, ఆమె గొంతు అందరికీ అందింది.

"మీరు చెప్పినయి అబద్ధాలు కావు. నా దుకాణం గూడ గా జాలి పుణ్యాన్నే నడుస్తున్నది. జాలి పోతే నాకూ గిరాకి తగ్గుతది. అయినా తియ్యున్రి. సమితోళ్ళు లేసిపోయినంక మా ఆయన దుకాణంల ఒక్కడే చీరల కుప్పల కూసుంటుండు. అరుగు మీదికెల్లి చూస్తే నాకు మంచిగనిపిస్తలేదు."

కాశీనాథం తల దించుకుని మైకు తీగను సర్దాడు.  ప్రమీలమ్మ శ్రీవర్ధన్ వైపు తిరిగింది.

"సారూ, మీకు గీళ్ళు ఊ అనుడు కావాల్నా, రంగు ఖర్చవుడు కావాల్నా?"

శ్రీవర్ధన్ ఆలోచించాడు. "రంగే ముఖ్యమమ్మా. ప్రజలు కూర్చుని చర్చించారని రాస్తే చాలు. ఏం తేల్చారని అడగరు."

"అయితే గీళ్ళు చర్చిస్తనే ఉంటరు. నువ్వు పోయి నీ పని చూసుకో బిడ్డా," అన్నది.

శ్రీవర్ధన్ మెల్లగా బయటికి నడిచాడు. లోపల ఉపసంఘంలో ఎందరుండాలన్న చర్చ మొదలైంది. అటునుంచి ఎందరు, ఇటునుంచి ఎందరు, ఆటోల తరఫున ఎవరు, విగ్రహం తరఫున ఎవరు. బయట నుంచి ఇనుము కోసే చప్పుడు వస్తే, మాటలు వినిపించడం లేదని కిటికీలు మూయించారు. తారు వాసన వస్తే ఫ్యాన్లు పెంచారు. ఉపసంఘం పేరు దగ్గర మళ్ళీ తెలుగు, ఇంగ్లీషు గొడవ వచ్చి ఇంకొంత పొద్దు పోయింది. చివరికి దాటు అవసరాన్ని అధ్యయనం చేసే తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. అందరూ ఒకరినొకరు అభినందించుకుంటూ తలుపు తెరిచి బయటికి వస్తే, ఎదురుగా జాలిలో రెండు ఎడ్లబండ్లు పోయేంత సందు ఉంది. దాని కింద తెల్ల గీతలు తడితడిగా మెరుస్తున్నాయి. అటొక స్పీడ్ బ్రేకర్, ఇటొక స్పీడ్ బ్రేకర్. శ్రీవర్ధన్ చేతులకు అంటిన రంగు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు.

 ముందుగా తేరుకున్నవాడు రాజేంద్రప్రసాద్. ఇది ప్రజా పోరాట విజయమని అక్కడికక్కడే ప్రకటించాడు. అధ్యయనం పూర్తికాకముందే ఫలితం సాధించిన సమితి దేశంలో ఇదొక్కటేనని కూడా అన్నాడు. కాశీనాథాన్ని భుజాల మీద ఎత్తుకుని, గీతలు తడిగా ఉన్నాయి గనుక గీతల పక్క నుంచి ఊరేగించారు. సమితి రద్దవుతుందేమోనని ఆయన పెట్టుకున్న భయం కూడా ఉత్తదే అయింది. అదే సాయంత్రం దాన్ని రోడ్డు దాటే హక్కు పరిరక్షణ సమితిగా మార్చారు. సాధనకు గడువు ఉంటుంది గానీ పరిరక్షణకు ఉండదు. జాలి మిగతా పొడవంతా అట్లాగే ఉంది గనుక ఫ్లెక్సీలకూ లోటు రాలేదు. మహేశ్ ఆటోలను బడి పిల్లలకు తిప్పుతున్నాడు. పెద్దాఫీసు రంగు అయిపోయింది.

ప్రమీలమ్మ రెండు దుకాణాలూ చూసుకోవడం మొదలుపెట్టింది. పొద్దున అరుగు మీద, మధ్యాహ్నం ఇవతల. ఇవతలి దుకాణంలో మొదటి రోజు ఆమె చేసిన పని కుప్పను మడత పెట్టడం. కాశీనాథం పక్కన కూర్చుని ఒక కొస పట్టుకున్నాడు. రెండు చీరలు సక్రమంగానే మడిచాడు. మూడో దానికి ఫోన్ వచ్చింది. చేర్యాల పోయే దారిలో ఏదో ఊరివాళ్ళు పాదచారుల భద్రత మీద మాట్లాడమంటున్నారు. తిరగడానికి ఇబ్బందిగా ఉన్నదని ప్రమీలమ్మే ఆయనకు కొత్త స్కూటర్ ఇప్పించింది.

పోయిన వారం కాశీనాథం ఆ స్కూటర్ మీద కుకునూరుపల్లికి బయలుదేరాడు. అక్కడ సభ. విషయం, పాదచారికే ప్రథమ ప్రాధాన్యం. అప్పటికే ఆలస్యమైంది. మనసులో మొదటి వాక్యం దిద్దుకుంటూ వేగంగా వస్తున్నాడు. ముందు స్పీడ్ బ్రేకర్ దగ్గర బండి ఎగిరింది, వాక్యం చెదిరింది. సరిగ్గా అప్పుడే తెల్ల గీతల మీద ఎవరో ఆడమనిషి, నెత్తిన చీరల మూట, రోడ్డు నడిమధ్య నిలబడి ఉంది. అటు నుంచి కార్లు ఆగడం లేదు, ఆమె వెనక్కి పోలేకపోతున్నది. ఇటు నుంచి తాను వస్తున్నాడు, ముందుకూ పోలేకపోతున్నది. ఈ జనానికి రోడ్డు మీద ఎట్లా నడవాలో ఎన్నటికీ తెలియదని కాశీనాథం విసుక్కున్నాడు. బొటనవేలు హారన్ మీద పెట్టి, తీయకుండా కొట్టాడు.

ఆ మనిషి ఉలిక్కిపడలేదు. నెమ్మదిగా తల తిప్పి చూసింది.

కాశీనాథం బ్రేక్ వేశాడు. బండి మొదటి గీత మీద ఆగింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.  ఏదో ఒకటి అనాలి గనుక, "జర జల్ది దాటు ప్రమీలా. మీటింగ్‌కు లేటయితుంది," అన్నాడు.

"ఏం మీటింగ్?"

ఆయన చెప్పలేదు. స్కూటర్ ఆపి, దిగి, స్టాండ్ వేసి, రెండు చేతులూ చాచి రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాడు. వేదిక మీద నిలబడడం కంటే అది చాలా కష్టంగా ఉన్నట్టు తోచింది. ప్రమీలమ్మ మూట సర్దుకుంది. తొందర పడకుండా, ఒక్కొక్క గీత మీద అడుగు వేస్తూ దాటింది.

ఆమె దాటుతున్నంత సేపు వెనక హారన్లు ఆగలేదు. అన్నిటికంటే గట్టిగా కొట్టింది ఒక తెల్ల కారు. అద్దాలు ఎత్తి ఉన్నాయి గనుక లోపల ఎవరున్నారో కాశీనాథానికి కనిపించలేదు. ప్రమీలమ్మ వెనుదిరిగి చూడనే లేదు. ఇది చదువుతున్న మీరు ఆ రోజు అటుగా సిద్దిపేట వచ్చారని మాకు తెలుసు. అందుకే ఆ కారు నంబరు ఇక్కడ రాయడం లేదు.